ఏరు దాటితే నంబరు మారుతుంది!

ఎదుర్లంకలో బాలయోగి వారధి ఎక్కితే కింద గౌతమి, ఆవల యానాం. చుట్టూ గోదావరి సీమే, ఊరు మాత్రం పుదుచ్చేరిది. అందుకే ఇక్కడి బండ్లది పీవై 04. 2019లో రాష్ట్రమంతటా కొత్త బండ్లకు ఏపీ 39 వచ్చాక తూర్పు 05, పశ్చిమ 37 అన్న తేడా పోయింది. యానాం నంబరు మాత్రం దూరం నుంచే ఊరు చెప్పేస్తుంది.

పన్ను తక్కువని, వేగం కెమెరాకు చిక్కదని అక్కడి చిరునామా అరువు తెచ్చుకునేవాళ్లూ లేకపోలేదు. కానీ, 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే బండికి అక్కడి నంబరు వేయించాలన్నది చట్టం. చలానాకు వారధి అడ్డు కాదు. అరువు గుమ్మానికి వెళ్లిన నోటీసు మనకు అందదు... బాకీ మాత్రం బండి మీదే ఉంటుంది. థర్డ్ పార్టీ బీమా ఏ ఒడ్డునైనా తప్పదు. అది లేకుండా ఎవరినైనా గుద్దితే, పరిహారం కోసం పొలం అమ్మాల్సి రావచ్చు!