నల్లరేగడి రోడ్డు మీద నాన్న నడుం

పర్చూరు దాటి పదిహేను నిమిషాలు కూడా కాలేదు. "ఆపరా, ఇక కూర్చోలేను" అన్నాడు నాన్న. బండి దిగి, నడుం మీద చెయ్యేసుకుని తుమ్మచెట్టు కింద కూలబడ్డాడు. మా మిర్చి టిక్కీలు ముందురోజు రాత్రే లారీలో గుంటూరు యార్డుకు వెళ్లిపోయాయి. పొద్దున్న వ్యాపారులు శాంపిల్ చూసి రేటు పెట్టే టైముకి సరుకు దగ్గర తను ఉండాలని నాన్న పట్టు. ఫోన్లో రేటు తెలుస్తుందిగా అంటే వినడు. బస్సెక్కమంటే అస్సలు వినడు.

తప్పు నాదే. నాన్నకి నడుం నొప్పి కదా, మెత్తగా ఉంటే హాయిగా ఉంటుందని ముందురోజే వెనక షాకబ్జర్లని అన్నిటికన్నా లూజు మెట్టుకి దించాను. మీలో చాలామంది కూడా ఇదే చేస్తారని నా అనుమానం.

ఈ దారి గురించి కొంచెం చెప్పాలి. పర్చూరు నుంచి పెదనందిపాడు మీదుగా గుంటూరు దాకా అంతా నల్లరేగడే. పత్తికీ మిరపకీ బంగారం లాంటి నేల, రోడ్డుకి మాత్రం శత్రువు. వానకి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకి ఆరి కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పైన ఎంత మంచి తారు పోసినా, కింద నేల ఊపిరి తీసినట్టు లేస్తూ దిగుతూ ఉంటే రోడ్డు అలలు తిరిగిపోతుంది. ఇక్కడ గుంతల కన్నా ఈ అలలే ప్రమాదం. గుంత కంటికి కనపడుతుంది, అల బండి ఎగిరాకే తెలుస్తుంది.

పెదనందిపాడు దాకా నెమ్మదిగా పోనిచ్చి, ఒక మెకానిక్ షెడ్డు దగ్గర ఆగాం. ఆయన నాన్నని ఎక్కమన్నాడు, నన్నూ ఎక్కమన్నాడు, వెనక చక్రం వైపు వంగి చూశాడు. "స్ప్రింగు మొత్తం మీరే తినేశారు తమ్ముడూ, ఇక రోడ్డుకేం మిగిల్చారు?" అన్నాడు.

విషయం అంతే. లూజు మెట్టులో ఇద్దరం కూర్చోగానే వెనక భాగం బాగా కిందికి దిగిపోయింది. అల వచ్చేసరికి షాకబ్జరు కదలడానికి చోటు లేక, అడుగున ఉన్న రబ్బరుకి గుద్దుకుంటోంది. ఆ దెబ్బ నేరుగా నాన్న వెన్నులోకి పోతోంది. ఆయన సీ స్పానరు పెట్టి రింగుని నాలుగో మెట్టుకి తిప్పాడు. "టైట్ చేస్తే గట్టిపడదా బాబాయ్?" అన్నాను. గట్టిపడదట. స్ప్రింగు అదే, దాని బలమూ అదే. రింగు బిగిస్తే బండి కూర్చునే ఎత్తు పెరుగుతుంది, కిందికి కదలడానికి చోటు దొరుకుతుంది. మనుషులు కూర్చున్నాక షాకబ్జరు మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు దిగితే సరిపోతుంది, మిగతాది రోడ్డు కోసం. ముందు ఫోర్కు ఆయిలు కూడా మార్చమన్నాడు. పాతబడితే బండి ఒకసారి లేచి ఊరుకోదు, ఊగుతూనే ఉంటుంది. ఆ రోజు టైము లేక మార్చలేదు.

అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు మంచు మీద స్నోమొబైల్ నడుపుతాడు. అక్కడ గట్టిపడిన ట్రైల్ మీద తిరిగేవాళ్లు ఒకరకం షాకబ్జర్లు, కొండల్లో మెత్తటి మంచులో తిరిగేవాళ్లు ఇంకోరకం ఎంచుకుంటారట. "నీ రైడింగ్ స్టైల్ ఏంటి?" అని నన్నూ అడిగాడొకసారి. హైవే మీద ఒక్కడినే స్పీడుగా పోవడమే స్టైల్ అనుకునేవాణ్ణి. నెలలో నాలుగు రోజులు అది నిజమే. మిగతా రోజులు వెనక నాన్నో, అమ్మో, పురుగుమందు డబ్బాలో. అలాంటప్పుడు స్పోర్ట్స్ షాకబ్జర్లకి వేలు పోయడం దేనికి? స్పానరు ఒకటి సీటు కింద పెట్టుకున్నాను. ఒక్కడినే వెళ్లేటప్పుడు రెండో మెట్టు, ఇద్దరమైతే నాలుగు. నాలుగులోనే వదిలేసి ఒంటరిగా పోతే వెనక చక్రం ఎగిరెగిరి పడుతుంది, అదీ చూశాను.

యార్డుకి ఆలస్యంగానే చేరాం. మా సరుకుకి రేటు అప్పటికే పెట్టేశారు. అనుకున్నంత రాలేదు. తను ముందే వచ్చి ఉంటే కాస్త పెరిగేదని నాన్న నమ్మకం. నేనేం మాట్లాడలేదు.

తిరుగు దారిలో అవే అలలు. బండి లేస్తోంది, దిగుతోంది, గుద్దడం మాత్రం లేదు. చీకటి పడుతుండగా నాన్న మళ్లీ భుజం తట్టాడు. "ఆపరా." నా గుండె జారింది.

"నడుమా నాన్నా?"

"కాదురా. ఆ కళ్లంలో కాయలు చూడు, రంగు ఎట్టా ఉందో."

తనే దిగి, గట్టు దాటి, ఎవరిదో తెలియని కళ్లంలోకి నడిచి, ఒక కాయ తీసి విరిచి వాసన చూశాడు. "తేజానే" అన్నాడు. "మనదానికన్నా బాగా ఆరింది."