బల్లార్షా దాటిన తరువాత

హనుమకొండ నుంచి ఢిల్లీకి పోవటానికి రెండు మార్గాలున్నాయి. శంషాబాదు దాకా మూడున్నర గంటలు రోడ్డు మీద పోయి, అక్కడ మరి రెండు గంటలు కూర్చుని, ఆపైన రెండు గంటల పైచిలుకు ఆకాశంలో ఉండటం ఒకటి. కాజీపేటలో ఉదయాన తెలంగాణ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి మరునాటి ఉదయం ఢిల్లీలో దిగటం రెండవది. మొదటిదానిని ప్రయాణమనటానికి నాకు మనసొప్పదు. ఈ విషయమై మా అబ్బాయికీ నాకూ ఏళ్ళ తరబడి వాదం నడుస్తున్నది. వాడు గంటలు లెక్కపెడతాడు, నేను నదులు లెక్కపెడతాను.

ఈ బండి 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్సుగా పుట్టింది. రాష్ట్రం రెండయిన తరువాత 2015లో ఇప్పటి పేరు వచ్చింది. బండి కన్నా దారి పాతది. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తి కావటంతోనే మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా రైలుదారి ఏర్పడింది. అన్నట్టు, మేము భాషాప్రవీణ చదివే రోజులలో రైలును ధూమశకటమనేవాళ్ళం. ధూమం ఏనాడో పోయింది, శకటం మిగిలింది. పల్లెలలో వాడిన ‘పొగబండి’కీ అదే గతి పట్టింది.

ఇంతకీ నదుల సంగతి. రామగుండం దాటగానే గోదావరి. వంతెన మీదికి బండి ఎక్కీ ఎక్కకముందే పెద్దవాళ్ళ చేతులు నాణేల కోసం కొంగుముడుల మీదికి పోతాయి. బల్లార్షాకు ముందు వార్ధా నది. నాగపూరు దాటి సాత్పురా కొండలెక్కేసరికి సాయంకాలమవుతుంది. ఇటార్సీ తరువాత, చీకటి పడ్డాక, నర్మద. కంటికి కనబడదు. పట్టాల చప్పుడు మారి ఇనుము మోగటం మొదలుపెడితే నర్మద వచ్చిందని తెలుసుకోవాలి. మన పూర్వులు దక్షిణాపథానికి ఎల్లగా చెప్పుకొన్న నది అది. సంకల్పంలో శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకొనే అలవాటున్న నాబోటివాడికి, ఆ వంతెన మీద ఒక్క క్షణం ఏమని చెప్పుకోవాలో తోచదు. యమునను దాటుతామని చాలామంది అనుకొంటారు గాని, ఈ దారి ఆగ్రా నుంచి ఢిల్లీ దాకా పడమటి గట్టునే పోతుంది.

తిండి గురించి ఎక్కువ రాయను, రాస్తే ఆగలేను. మా ఆవిడ కట్టే పులిహోర మొదటి పూటకు, చపాతీలూ మామిడి తొక్కూ రెండవ పూటకు. ఒకసారి పఠాన్‌కోటకు పోతున్న జగిత్యాల జవాను ఒకడు మా పులిహోర తిని, డబ్బా అడుగున మిగిలిన ఎండుమిరపకాయలు కూడా కాగితంలో కట్టించుకొన్నాడు. అక్కడ ఇవి దొరకవా నాయనా అంటే, “దొరుకుతయి సార్, ఇంటి నూనెల వేగినవి దొరకవు” అన్నాడు.

గత దసరా సెలవులకు మా మనుమణ్ణి ఢిల్లీ నుంచి తీసుకొనివచ్చే పని నా మీద పడింది. పడిందనటం కన్నా నేనే వేసుకొన్నాననటం నిజం. వాడికి తొమ్మిదేళ్ళు. తెలుగు మాట్లాడతాడు, అందులో క్రియలు మనవి, తక్కినవి హిందీవి. అక్షరం మాత్రం రాదు. ఆరో తరగతికి వచ్చినా గుణింతం రాని పిల్లలను బడి విడిచిన తరువాత కూర్చోబెట్టి దిద్దించినవాణ్ణి నేను. నా ఇంటి పిల్లవాడు తన పేరు తెలుగులో చూస్తే పోల్చుకోలేడు. సెలవులకు వచ్చిన వారం రోజులలో పలక ముందుంచితే, వాడు ఫోను వైపూ మా కోడలు గడియారం వైపూ చూస్తారు. వాళ్ళ తప్పు కాదు. వారం రోజులలో ఏ భాష మాత్రం వస్తుంది?

తిరుగు ప్రయాణంలో నాగపూరుకు తెల్లవారింది. స్లీపరు బోగీ కిటికీ పక్కన చేరి వాడు బోర్డులు చదవటం మొదలుపెట్టాడు. హింగన్‌ఘాట్, వరోరా, చంద్రపూర్. అన్నీ దేవనాగరిలో గడగడ చదివాడు. నేను పాఠం ఊసెత్తలేదు. బల్లార్షా దాటింది. టేకు అడవి వచ్చింది. కాగజ్‌నగర్‌లో బండి ఆగింది.

“తాతా, హిందీ పైన ఉన్నది మనదేనా?”

“మనదే నాన్నా.”

వాడు కింది పంక్తినీ పై పంక్తినీ మార్చి మార్చి చూశాడు. “ఇందులో ‘గ’ రెండుసార్లున్నది. ఇది, ఇది” అని వేలితో చూపించాడు. నేను చెప్పలేదు. ఒకే నాణెం మీద గ్రీకు పక్కన ఉన్న ఖరోష్ఠిని పోల్చి చదివిన పండితులు చేసిందీ ఇదే గదా! నాకు గొంతులో ఏదో అడ్డుపడి, కొంతసేపు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

మంచిర్యాలలో సున్న దొరికింది. హిందీలో నెత్తిన ఉండే చుక్క ఇక్కడ లావై పక్కకు దిగిందని వాడి వ్యాఖ్య. ఏ వ్యాకరణంలోనూ ఇంత బాగా చెప్పలేదు. గోదావరిలో నాణెం వేశాము. రామగుండంలో సున్నలు రెండని వాడే లెక్కపెట్టాడు. పెద్దపల్లి దగ్గర కొంచెం చిక్కువచ్చింది. “కింద వేలాడుతున్నవేమిటి?” అన్నాడు. వత్తులన్నాను. హిందీలో సగం అక్షరం పక్కన నిలబడుతుంది, మనది కింద కూర్చుంటుంది అని చెబితే ఒప్పుకొన్నాడు. కట్టల మీద తంగేడు పసుపుపచ్చగా, గునుగు తెల్లగా పూసి ఉన్నాయి. బతుకమ్మ పూలని చూపిస్తే తల తిప్పలేదు. వాడు జమ్మికుంట కోసం కాచుకొని ఉన్నాడు. రాగానే, “మ కింద చిన్న మ!” అని ఎదుటి బెర్తు మీద నిద్రపోతున్న పెద్దాయనను లేపినంత పని చేశాడు.

కాజీపేటలో బండి ఎంతోసేపు ఆగదు. సంచులన్నీ దింపి చూసుకొంటే పిల్లవాడు పక్కన లేడు. నాలుగడుగుల అవతల పేరుబోర్డు కింద నిలబడి ఉన్నాడు. ‘కా’ కాగజ్‌నగర్‌లోది, ‘జ’ కూడా అక్కడిదే. దాని తలమీది గుడి చూసి దీర్ఘమా అని అడిగి, ‘జీ’ అన్నాడు. ‘పే’ కొంచెం ఆలస్యంగా వచ్చింది. మా ఆవిడ మెట్ల దగ్గర నిలబడి రమ్మని చెయ్యి ఊపుతున్నది.

“ఆగు నానమ్మా, ఇంకొక్క అక్షరం ఉన్నది” అన్నాడు.