అంతరిక్షంలో ఇంటి గొడవలు

సినిమా మొదలై పది నిమిషాలు కాకుండానే హీరో చచ్చిపోతే ఏం చేస్తాం? టికెట్ డబ్బులు వెనక్కిమ్మని గోల చేస్తాం. మా తమ్ముడు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. కంప్యూటర్ తెర మీద అంతరిక్ష నౌక ముక్కలైపోతోంది. దాని కమాండరు, అంటే వాడే, గాలి అందక గిలగిల్లాడుతూ చీకట్లోకి జారిపోయాడు. ‘అయిపోయిందేంట్రా?’ అన్నాను. ‘ఇప్పుడే కదక్కా మొదలైంది’ అన్నాడు, తల తిప్పకుండా.

ఆ ఆట పేరు మాస్ ఎఫెక్ట్ 2. 2010 జనవరి 26న, ఇక్కడ మనం బడుల్లో జెండా ఎగరేసి చాక్లెట్లు పంచుకుంటున్న రోజున, అమెరికాలో విడుదలైంది. విజయనగరంలో మావాడి దాకా వచ్చేసరికి వేసవి సెలవులు. అసెంబుల్డ్ కంప్యూటరు, పక్కన యూపీఎస్, మధ్యాహ్నం కరెంటు కోత. కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యిమని మొదలెడుతుంది. అది ఆగిపోయేలోగా ఆటను ‘సేవ్’ చేసుకోవాలి. వీధిలో కుర్రాళ్లంతా కౌంటర్ స్ట్రైక్ కోసం నెట్ సెంటర్లకు పరిగెడుతున్న రోజుల్లో, మావాడు ఒక్కడే ఇంట్లో కూర్చుని తెరమీది మనుషులతో గంటలు గంటలు మాట్లాడుతూ ఉండేవాడు. నిజంగానే ఆ ఆటలో సగం మాటలే. నాన్నగారికి ఒకటే అనుమానం... ‘తుపాకీ పట్టుకున్నవాడు ఇంతసేపు మాట్లాడతాడేంటి?’

ఆటల సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే వేషం కట్టడం. నాటకంలో వేషధారికి మాటలు రాసి ఇస్తారు. ఇక్కడ మూడు నాలుగు రకాల జవాబులు ముందు పెట్టి, ఏది అంటావో నువ్వే తేల్చుకో అంటారు. మన వేషం కమాండర్ షెపర్డ్. ఆడా మగా, మొహం ఎలా ఉండాలి, మెత్తని మనిషా మొండి మనిషా... అంతా మన ఇష్టం. తయారుచేసింది కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో ఉన్న బయోవేర్ కంపెనీ. దాన్ని 1995లో పెట్టినవాళ్లలో రే మజికా, గ్రెగ్ జెస్‌చుక్ ఇద్దరూ వైద్యం చదివిన డాక్టర్లు! (నీట్‌కి చదువుతున్న పిల్లలకు ఈ వాక్యం చూపించొద్దని అమ్మానాన్నలకు మనవి.)

మొదటి భాగం 2007లో వచ్చింది. అందులో మనం తీసుకున్న నిర్ణయాలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. రెండో భాగం ఆ ఫైలు తెరిచి చదువుకుంటుంది. ఆడినవాళ్లంతా మొదట చెప్పేది ఈ ముచ్చటే. విర్మైర్ అనే గ్రహం మీద కైడన్, యాష్లీ అనే ఇద్దరు సైనికుల్లో ఒకరినే కాపాడగలం. వదిలేసినవాళ్లు ఇక లేనట్టే. రెండో భాగంలోనూ కనిపించరు. ఆ గ్రహం మీదే రెక్స్ అనే ముసలి యోధుడు మనకు ఎదురు తిరుగుతాడు. సముదాయిస్తే బతుకుతాడు. మాట సరిగ్గా పడలేదా, అక్కడికక్కడే పోతాడు. బతికితే రెండో భాగంలో తన తెగకు నాయకుడై కనిపిస్తాడు. మనల్ని చూడగానే లేచొచ్చి, పాత స్నేహితుడిలా చెయ్యందిస్తాడు. పోయుంటే అదే గద్దె మీద అతని తమ్ముడు కూర్చుని ఉంటాడు. అక్కడ ఆ ఆదరం ఉండదు.

మా తమ్ముడు రెక్స్‌ని బతికించుకున్నాడు. వాడి క్లాస్‌మేట్, శ్రీకాకుళం అమ్మాయి, బతికించలేకపోయింది. ఆడింది ఒకే ఆట, చూసిన కథలు రెండు. ‘నువ్వు చంపేశావ్’, ‘నేను చంపలేదు, వాడే తుపాకీ ఎత్తాడు’ అంటూ ఫోన్లో పోట్లాడుకునేవాళ్లు. పక్క గదిలో అమ్మ ఆ మాటలు విని ఒకటి రెండుసార్లు హడలిపోయింది కూడా.

ఈ వ్యాసం కోసం ఇద్దరికీ మళ్లీ ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తోంది. మావాడు హైదరాబాద్‌లో ఉన్నాడు. తుపాకుల పేర్లు ఇద్దరికీ గుర్తులేవు. రెక్స్ గుర్తున్నాడు.

తిట్టుకున్నవాళ్లూ లేకపోలేదు. బొబ్బిలిలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉన్నారు. ఆయన లెక్కలో రెండో భాగం చాలా దిగజారిపోయింది. మొదటి భాగంలో దొరికిన ప్రతి తుపాకీ, ప్రతి కవచం సంచిలో వేసుకోవచ్చు. ఏది మేలో బేరీజు వేసుకుని మార్చుకోవచ్చు. రెండో దాంట్లో ఆ సంచి తీసేశారు. కొండలెక్కే ఆరు చక్రాల బండిని కూడా తీసేశారు. ‘వేషం ఆట అన్నారు, కాల్పుల ఆట చేసి ఇచ్చారు’ అంటారాయన. బొబ్బిలివారికి యుద్ధం అంటే చేదా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. బదులుగా గ్రహాల తవ్వకం మొదలెట్టారు. ఓడను బాగుచేసుకోవడానికి ఖనిజాలు కావాలి. అందుకని ఒక్కో గ్రహం మీదా మెల్లగా మౌస్ జరుపుతూ, ఖనిజం ఉన్నట్టు మోత వినిపించిన చోట ఒక గొట్టాన్ని విసరాలి. చెరువు గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్నట్టే. ఈ ఒక్క విషయంలో మాత్రం నాతో మాట్లాడినవాళ్లందరిదీ ఒకటే మాట... విసుగు!

లిఫ్టుల సంగతి ఇంకో తమాషా. మొదటి భాగంలో లిఫ్టులు నత్తనడక నడిచేవి. అందరూ విసుక్కున్నారు. రెండో భాగంలో తీసేశారు. తీసేశాక, ‘అయ్యో, ఆ లిఫ్టులో మనవాళ్లు ఒకరితో ఒకరు కబుర్లు చెప్పుకునేవాళ్లు కదా’ అని అదే జనం బెంగపడ్డారు.

బొబ్బిలి ఆయన మాట కాదనను గానీ, పూర్తిగా ఒప్పుకోను కూడా. మా ఊరివాళ్లకు ఇలాంటి బేరీజు కొత్త కాదు. 1892లో విజయనగరంలో ఆడిన కన్యాశుల్కం వేరు, 1909లో గురజాడ తిరగరాసి అచ్చువేయించింది వేరు. మధురవాణి అంత మనిషిగా ఎదిగింది రెండోదాంట్లోనే. ఇది కూడా అలాంటిదే అనిపించింది నాకు. ఇక్కడా రెండోదాంట్లో కథ కాస్త పలచనైంది, మనుషులు చిక్కబడ్డారు. బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డుల్లో 2011లో ఉత్తమ గేమ్ ఇదే.

ఇంతకీ కథేంటంటే... చచ్చిపోయిన షెపర్డ్‌ని సెర్బెరస్ అనే సంస్థ రెండేళ్లు కష్టపడి బతికిస్తుంది. మొదటి భాగంలో వాళ్లు దుర్మార్గులు. ఇప్పుడు వాళ్ల ఓడలోనే ప్రయాణం. అందుకే విర్మైర్‌లో మనం కాపాడిన మనిషే ఎదురుపడి, ‘నువ్వు వాళ్లతో చేరావా’ అని మొహం మీదే అనేసి వెళ్లిపోతుంది లేదా వెళ్లిపోతాడు. ఊళ్లకు ఊళ్లనే ఎత్తుకుపోతున్న కలెక్టర్లు (జిల్లా కలెక్టర్లు కాదు సుమా!) అనే జాతి స్థావరం మీదకు వెళ్లాలి. వెళ్లినవాళ్లెవరూ తిరిగిరాని చోటది. ముందు జట్టు కట్టాలి. పది మంది, తర్వాత విడిగా వచ్చిన ఇద్దరితో కలిపితే పన్నెండు మంది.

అందరూ వీరులే. కానీ ఒక్కరి మనసూ ఓడలో లేదు. మిరాండాకు చెల్లెలి బెంగ. జేకబ్‌కి పదేళ్ల కిందట ఓడతో సహా మాయమైన తండ్రి. సమారాకు సొంత కూతురితోనే తీరని లెక్క. మోర్డిన్‌కి దారితప్పిన శిష్యుడు. గారస్‌కి తనవాళ్లను పట్టించిన స్నేహితుడు. కమాండరు ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, విని, వెంట వెళ్లి ఆ గొడవ తీర్చాలి. తీర్చకపోతే చివరి యుద్ధంలో వాళ్ల దృష్టి చెదిరి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. లోకాన్ని కాపాడే ఆట అనుకుని చూస్తే, సగం ఆట ఇంటి గొడవలే!

శ్రీకాకుళం అమ్మాయికి టాలీ అంటే ప్రాణం. టాలీ మీద వాళ్ల జాతివాళ్లు విచారణ పెట్టారు. తండ్రి అప్పటికే చనిపోయాడు. ఆయన చేయకూడని ప్రయోగాలు చేశాడనే ఆధారం కమాండరు చేతికి దొరికింది. చూపిస్తే టాలీ నిర్దోషి. చూపించొద్దు, నాన్న పేరు పోతుందని ఆమె బతిమాలింది. ‘నేను చూపించలేదు. ఆమెను వెలేశారు. అయినా నాకే థాంక్స్ చెప్పింది’ అంది ఆ అమ్మాయి. మరి చూపిస్తే? ‘శిక్ష తప్పుతుంది. మనల్ని మాత్రం ఇంక నమ్మదు.’ గట్టిగా వాదించే నేర్పు ఉంటే మూడో దారి కూడా ఉందట. ఆ నేర్పుకి కావాల్సిన పాయింట్లు అప్పటికి ఆమె దగ్గర లేవు.

తమ్ముడికి తగిలిన దెబ్బ వేరు. కలెక్టర్లు ఓడ మీద పడి సిబ్బందిని ఎత్తుకుపోయారు. చేతిలో ఉన్న చిన్న చిన్న పనులు ముగించుకుని వెళ్దాంలే అనుకున్నాడు మావాడు. ఏ ఆటైనా ఆడేవాడి కోసం ఆగుతుంది కదా! ఇది ఆగలేదు. వెళ్లేసరికి సిబ్బందిలో కొందరు అతని కళ్లముందే కరిగిపోయారు. ఆ రాత్రి వాడు అన్నం సరిగ్గా తినలేదు. పరీక్ష పోయిందేమో అనుకున్నాం. చివరి యుద్ధంలోనూ అంతే. ఎవరికి ఏ పని అప్పగించామన్నదాన్ని బట్టి ప్రాణాలు నిలుస్తాయి, పోతాయి. జట్టులో ఇద్దరైనా మిగలకపోతే షెపర్డ్ కూడా పోతాడు. ఆ ఫైలుని మూడో భాగం తీసుకోదు.

ఇక మా పిన్ని కొడుకు సంగతి. వాళ్లది కవిటి దగ్గర. ఉద్దానం. కొబ్బరి తోటలు, పక్కనే సముద్రం. చూడ్డానికి కోనసీమలా ఉంటుంది. కానీ అక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. బాబాయికి అంతకు చాలా ముందే డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు సోంపేట. వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషను మీద.

బాబాయి పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో వెల్డరు. రెండేళ్లకోసారి సెంటు సీసాలు, దుప్పట్లు పట్టుకుని వచ్చేవాడు. పిల్లాణ్ని పెంచింది పిన్ని, వాళ్ల నాయనమ్మ. ఒంట్లో బాగోలేక బాబాయి వచ్చి ఇంట్లో ఉండిపోయేసరికి, ఈ తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2021లో కరోనా వల్ల వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరికొచ్చాడు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో అన్ని రోజులు కలిసి ఉండటం అదే మొదలు. మాట్లాడుకోవడానికి మాటల్లేవు. ‘మందులేసుకున్నావా’, ‘ఆఁ’. అంతే.

ఆ మే నెల 14న మూడు భాగాలకూ మెరుగులు దిద్ది లెజెండరీ ఎడిషన్ అని ఒకే కట్టగా విడుదల చేశారు. మావాడి పోరు పడలేక ఇతనూ కొన్నాడు. రెండో భాగంలో థేన్ అనే మనిషి తగిలాడు. పచ్చని చర్మం, నెమ్మదైన గొంతు. అతని జాతిది ఎడారి. అది నాశనమైపోతుంటే సముద్రాలు నిండిన వేరే గ్రహానికి చేరారు. ఆ తేమ గాలికి ఊపిరితిత్తులు మెల్లగా పాడైపోతాయి. థేన్‌కి తన రోజులు లెక్కలో ఉన్నాయని తెలుసు. అతనికి ఉన్న కోరిక ఒకటే. తను డబ్బు కోసం హత్యలు చేస్తూ ఊళ్లు పట్టి తిరుగుతుంటే, ఎవరో పెంచిన కొడుకు కోల్యాట్ ఇప్పుడు తండ్రి దారే పట్టాడు. వాణ్ని ఆపాలి. ‘అక్కా, వాళ్లకి గాలి, మనకి నీళ్లు అంటారు. అంతే తేడా’ అన్నాడు ఇతను నాతో.

ఆ ఘట్టం ఆడుతున్న రాత్రి బాబాయి నిద్రపట్టక వచ్చి వెనక మంచం మీద కూర్చున్నాడట.

‘ఆ పచ్చాయన ఎవుడ్రా?’

‘కొడుకు కోసం ఎతుకుతున్నాడు.’

కాసేపయ్యాక, ‘దొరికేడా?’

‘దొరికేడు.’

‘ఏటి మాటాడుకున్నారు?’

‘గదిలో కూసుని మాటాడుకుంటన్నారు. మనం బయటుండాలి. పూర్తిగా సూపించలేదు.’

బాబాయి ఇంకేమీ అడగలేదట. పొద్దున్న సోంపేట వెళ్తుంటే దారిలో ఆయనే మొదలెట్టాడట, దమ్మామ్‌లో తనతో గదిలో ఉన్న పలాస మనిషి కబురు. ఆ తర్వాత మిషను మీద ఉన్న నాలుగు గంటలూ గల్ఫ్ కబుర్లే.

మూడో భాగం 2012 మార్చిలో వచ్చింది. ముగింపు నచ్చక ప్రపంచమంతా ఆటగాళ్లు గొడవ చేశారు. ఎన్ని దారుల్లో వెళ్లినా చివర్లో రంగు తప్ప తేడా లేదన్నది వాళ్ల కోపం. అందుకని మూడు రంగుల్లో, రుచి మాత్రం ఒకటే ఉన్న కేకులు చేయించి కంపెనీకి పంపారు. ఆ జూన్‌లో కంపెనీ పొడిగించిన ముగింపును ఉచితంగా ఇచ్చింది. మా తమ్ముడికి ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

ఉద్దానం తమ్ముడికి ముగింపుతో పనిలేదు. మూడో భాగంలో థేన్ ఆస్పత్రి మంచం మీద పోతాడు, కొడుకు పక్కనే ఉంటాడు. ఇన్ని దారులున్న ఆటలో అక్కడ ఆయన్ని బతికించే దారి ఒక్కటీ లేదు. ఈ సంగతి ఎక్కడో చదివాడు. మూడో భాగం అతని కంప్యూటర్లో ఇన్‌స్టాల్ అయ్యే ఉంది. ఇంతవరకు తెరవలేదు. రెండోదాన్ని మాత్రం నాలుగుసార్లు ముగించాడు, ప్రతిసారీ అందర్నీ బతికించుకుని.

మొన్న ఫోన్ చేస్తే మళ్లీ మొదలుపెట్టానన్నాడు. వెనక నుంచి బాబాయి గొంతు వినిపించింది.

‘ఆ పచ్చాయన ఇంకెంతసేపటికి వత్తాడ్రా?’