గాలికొండ ఎక్కించి చూశాం!

పూర్వం పెళ్ళిచూపుల్లో పిల్లని నడవమనేవారు, పాడమనేవారు. మనుషుల విషయంలో అది అన్యాయమే గానీ, పాత కారు కొనేటప్పుడు మాత్రం నడిపించి, కొండెక్కించి, దించి చూడకుండా తాంబూలాలు పుచ్చుకోకండి. మేము అలాగే చూశాం. విశాఖపట్నం నుంచి అరకు దాకా ఐదుగురం, సామానుతో సహా వెళ్ళి మరీ చూశాం. ఆ కబుర్లే మీతో చెప్పుకుందామని.

మా ఇంట్లో కారు అవసరం మా అత్తగారి మోకాళ్ళతో మొదలైంది. ఆటో ఎక్కాలంటే ఆవిడ ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. మా వారిది షిఫ్టు డ్యూటీ. ఆవిడ్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది నేనే. అందుకే నలభై రెండేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను (నవ్వకండి!). మూడేళ్ళు కట్టిన చీటీ పాడితే చేతికి నాలుగున్నర లక్షలు వచ్చాయి. దాంతో కొత్తది, ఎత్తుగా ఉండేది, ఐదుగురు పట్టేది ఎక్కడొస్తుంది? మా వారికేమో డస్టర్ మీద ఎప్పటినుంచో మోజు.

రెనో కంపెనీ డస్టర్‌ని మన దేశంలో 2012లో తెచ్చింది. మద్రాసు దగ్గర ఒరగడంలో తయారయ్యేది. 2020లో డీజిల్ ఇంజను ఆపేశారు, 2022లో బండే ఆపేశారు. 2026 జనవరిలో అదే పేరుతో కొత్త బండిని చూపించారు గానీ, పేరు ఒకటే, అది వేరు, ఇది వేరు. "ఆపేసిన బండి ఎందుకు కొంటారండీ, రేపు సామాను దొరకదు" అని పక్కింటావిడ మొదలు పాలబ్బాయి దాకా అందరూ చెప్పారు. ఆ భయం వల్లే ఇలాంటి బండ్లు కాస్త అగ్గువకి వస్తాయి. భయం ఉత్తదేం కాదు. కానీ డస్టర్ డీజిల్ ఇంజనే నిస్సాన్ టెరానోలోనూ, సన్నీలోనూ, రెనో లాడ్జీలోనూ వేశారు. కాబట్టి ఇంజను సామానుకి అంత కరువు లేదు. అద్దాలు, లైట్లు, బంపర్లు, తలుపు లోపలి అట్టలు, వీటి సంగతే ముందు కనుక్కోవాలి. గాజువాకలో మాకు తెలిసిన మెకానిక్‌ని అడిగితే, "ఇంజనుకి భయం లేదమ్మా, హెడ్‌లైటు పగిలితే మాత్రం నాలుగు రోజులు ఎదురుచూడాలి" అన్నాడు. నాలుగు రోజులైతే ఫరవాలేదనుకున్నాం.

మొదట చూసింది 2013 బండి. మా బడ్జెట్‌లో లక్షన్నర మిగిలేది. మా వారు అప్పుడే సీటు కవర్ల రంగు ఆలోచిస్తున్నారు. స్టీరింగు మీదా, ఎదురుగా డాష్‌బోర్డు మీదా ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు ఉన్నాయేమోనని నేను వెతికాను. లేవు! డస్టర్‌లో తక్కువ ధర రకాల్లో అవి ఇచ్చేవారు కాదు. 2017లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు ఈ బండిని గోడకి గుద్దించి పరీక్షిస్తే, ఎయిర్‌బ్యాగ్ లేనిదానికి పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలు వచ్చాయి. డ్రైవరుకి ఒక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్నదానికి మూడు వచ్చాయి. అదే బండి, అదే రేకు, ఒక్క సంచీ తేడా! 2019 జూలై నుంచి తయారైన కార్లకి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. అంతకుముందు బండి చూస్తున్నారంటే మాత్రం మోడల్ పేరు విని ఊరుకోకండి, మీ కళ్ళతో చూడండి. మా వారు మొహం మాడ్చుకున్నారు. ఆ రాత్రి చారులో ఉప్పు లేదన్నారు. ఉంది!

రెండోది మా ఆడపడుచు వాళ్ళ కాలనీలో ఒక రిటైరైన మేష్టారిది. 2017 డీజిల్, 110 పి.ఎస్. రకం, రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. "ఒక చుట్టు తిప్పి చూడండి" అన్నారాయన. చుట్టు కాదండీ, అరకు వెళ్ళొద్దాం, డీజిల్ మాది, మీరూ రండి అన్నాను. ఆయన మొదట బిత్తరపోయారు. తర్వాత "మా ఆవిడ పోయాక నేనూ అటు వెళ్ళలేదమ్మా, పదండి" అన్నారు.

ఆ ఆదివారం ఐదున్నరకల్లా ఆయన గుమ్మంలో ఉన్నాం. అంత పొద్దున్నే ఎందుకంటే, బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. ముందే వేడిచేసి పెట్టిన పెనం మీద ఏ పిండైనా దోసెలా లేస్తుంది కదా! బానెట్ మీద చెయ్యి వేసి చూశాను, చల్లగా ఉంది. మొదటి తిప్పుకే అందుకుంది. వెనక గొట్టంలోంచి నల్లపొగ రాలేదు.

తర్వాత లోపలి వాసన. ఇది మనకి ఒకరు నేర్పక్కర్లేదు. పప్పు డబ్బా మూత తీయగానే పురుగు పట్టిందో లేదో చెప్పే ముక్కులు మనవి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా. అలాంటివి కడిగి, తుడిచి, అత్తరు కొట్టి వేరే ఊళ్ళలో అమ్మకానికి పెట్టేవారుంటారు. పట్టా ఎత్తి కింద కార్పెట్ నొక్కి చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. పైపైన కడిగేవాళ్ళు అక్కడిదాకా వెళ్ళరు, బురద గీత ఉండిపోతుంది. ఇది శుభ్రంగానే ఉంది. మా విశాఖలో మరో బెడద సముద్రపు గాలి. వంగి అడుగున చూస్తే సైలెన్సరు దగ్గర కాస్త తుప్పు, మిగతా అంతా బాగానే ఉంది.

డిక్కీ 475 లీటర్లట. లీటర్ల లెక్క మనకేం తెలుస్తుంది? రెండు పెద్ద సూట్‌కేసులు, పాతిక కిలోల బియ్యం బస్తా, టిఫిన్ క్యారియరు, అత్తగారి మడతకుర్చీ పెట్టాం. ఇంకా ఒక కొబ్బరికాయల సంచీకి చోటుంది.

పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరేసరికి ఏడున్నర. అక్కడ ఇడ్లీలు తిన్నాం. ఈ దారిలో గతుకులున్న చోటల్లా నేను అత్తగారి మొహమే చూస్తున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని కునుకు తీస్తున్నారు. నేల నుంచి 205 మిల్లీమీటర్ల ఎత్తున్న బండి, గతుకుల్ని మింగేస్తుంది, దాని పేరే దానికి. సీటు ఎత్తు కూడా ఆవిడకి సరిగ్గా కుదిరింది. కారుల్లోకి దిగినట్టు కూర్చోవాలి, జీపుల్లోకి ఎగబాకాలి. ఇందులో పైన పిడి పట్టుకుని, ముందు కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకోవడమే. టిఫిను తిని వచ్చి తనంతట తనే ఎక్కారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలైంది. టైడ, డముకు, అనంతగిరి... ఒకవైపు లోయ, దూరంగా కొత్తవలస-కిరండూల్ రైలు కట్ట, కొండల్లోకి దూరే సొరంగాలు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లని అల్లుకుని మిరియాల తీగలు. మా అమ్మాయి కిటికీలోంచి కళ్ళు తిప్పలేదు. ఎప్పుడూ బస్సులో ఈ మలుపుల్లో కవరు పట్టుకుని కూర్చునే పిల్ల, ఆ రోజు బొబ్బట్టు తింటూ కూర్చుంది. మా వారు తోలుతున్నారు. ఐదుగురితో బండి ఉయ్యాల్లా సాగిపోతోంటే అద్దంలోంచి నా వైపు చూసి, "చూశావా?" అన్నట్టు కనుబొమలు ఎగరేశారు.

గాలికొండ వ్యూ పాయింటుకి కాస్త ఇవతల, రద్దీ లేని చోట ఆపించి, నేను తోలుతానన్నాను. బండిలో ఒక్కసారి నిశ్శబ్దం. ముందు పక్కద్దాలు నా ఎత్తుకి సర్దుకోవాలి. ఆ మీట ఎక్కడుందో వెతకలేక చచ్చాను. హ్యాండ్‌బ్రేకు కింద దాచారు మహానుభావులు! అదైతే అలవాటైపోతుందిలెండి. కానీ క్లచ్ తొక్కగానే నా ఎడమ కాలికి తెలిసిపోయింది. పాతకాలం కుట్టుమిషను తొక్కుతున్నట్టుంది. మొదటి మలుపు రెండో గేరులో తిప్పాను. బండి ఒక్కసారి నీరసపడి, దగ్గి, ఆగిపోయింది. వెనక బస్సు హారన్. చేతులు చెమటలు పట్టేశాయి.

"ఈ ఇంజనుకి తిరుగుడు తగ్గితే బలం ఉండదమ్మా. మలుపులో ఫస్టు గేరు వెయ్యాలి" అన్నారు మేష్టారు నెమ్మదిగా. హ్యాండ్‌బ్రేకు వేసి, ఫస్టులో మళ్ళీ కదిలించాను. పై మూడు మలుపులూ ఎక్కించాను, ఆగలేదు. గాలికొండ మీద దిగేసరికి మోకాలు వణుకుతోంది. ఎదురుగా పొగమంచులో కొండల వరసలు, చేతిలో వేడివేడి అరకు కాఫీ, నా మనసేమో క్లచ్ మీదే ఉంది.

అరకులో బొంగు చికెన్ తిని (మా అత్తగారు పెరుగన్నం), రోడ్డు పక్క బుట్టల్లో పసుపు, పిప్పళ్ళు, రాజ్మా కొనుక్కుని మధ్యాహ్నం వెనక్కి బయలుదేరాం. దిగేటప్పుడు మా వారికి తోలడం ఇచ్చేశాను. పాత బండికి ఎక్కడం కన్నా దిగడమే పెద్ద పరీక్ష. ఎక్కిన గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలుంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. బొడ్డవర దగ్గర ఆపి చక్రాల దగ్గర వాసన చూశాం. మాడు వాసన లేదు. బ్రేకులు భేష్.

మర్నాడు గాజువాక మెకానిక్ చూసి, క్లచ్ ప్లేట్లు అరిగాయన్నాడు. "మారిస్తే కొంత తేలికౌతుంది. కానీ 110కి క్లచ్ కొంచెం గట్టిదేనమ్మా. హైవే మీద పరిగెత్తడానికి అది రాజా. ఊళ్ళో సిగ్నళ్ళ మధ్య తిరిగేవాళ్ళకి 85 పి.ఎస్. రకమే హాయి" అన్నాడు. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు కూడా మేష్టారి దగ్గర లేదు. ఆ బెల్టు తెగితే ఇంజనే పోతుంది కాబట్టి, బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. ఆయన మంచివారు, ముప్ఫై వేలు తగ్గిస్తానన్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది మీరు ఊహించగలరు. "కొన్నాళ్ళకి అలవాటౌతుంది, నువ్వు ఊరికే భయపడుతున్నావు" అని మా వారు. భయం కాదండీ, వారానికి మూడు రోజులు ఎన్.ఎ.డి. కూడలి ట్రాఫిక్‌లో తొక్కేది నేను అని నేను. చివరికి మంచం మీంచి అత్తగారే అన్నారు: "నా మోకాళ్ళ కోసం బండి కొని, దాని మోకాళ్ళు అరగదీస్తావేట్రా?" ఇంక మాట లేదు. మేష్టారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. నొచ్చుకోలేదు. "మీ ధర్మమా అని గాలికొండ చూశాను" అన్నారు.

రెండు నెలలు వెతికాక అనకాపల్లిలో 2019 చివర్లో కొన్న 85 రకం దొరికింది. రెండు ఎయిర్‌బ్యాగులు, బెల్టు మార్చిన బిల్లు, మొదటి ఓనరు. ఎనభై వేలు ఎక్కువైంది. వరలక్ష్మీ వ్రతానికి చేయించుకుందామనుకున్న గాజులు ఆగిపోయాయి, ఆగనివ్వండి. కాగితాల దగ్గర మాత్రం తొందరపడలేదు. ఫారం 29, 30 మీద సంతకాలు, పాత అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన ఫారం 35 అన్నీ చూశాకే డబ్బిచ్చాం. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లోపు మన పేరుకి మార్పించుకోవాలి. పాతాయన క్లెయిములు లేకుండా సంపాదించుకున్న తగ్గింపు మనకి రాదు, అది ఆయనతోనే పోతుంది. రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు, అంటే 2034 దాకా ఢోకా లేదు. వేరే రాష్ట్రం బండైతే ఎన్.ఓ.సి., లైఫ్ టాక్సు ఖర్చులు ముందే లెక్క వేసుకోండి.

ఇదైనా ఊరికే కొనలేదండోయ్! దీన్నీ గాలికొండ ఎక్కించాం. ఈసారి బొడ్డవర నుంచి స్టీరింగు నాదే. 110కి ఉన్న పరుగు దీనికి లేదు, లారీని దాటాలంటే కాస్త ఓపిక పట్టాలి. మా వారు మూడుసార్లు నిట్టూర్చారు. మలుపులో మాత్రం ఎక్కడా ఆగలేదు. పైన ఆపి చూద్దును కదా, వెనక సీట్లో అత్తగారు లేరు. అప్పుడే తలుపు తీసుకుని దిగి, కాఫీ కొట్టు దగ్గర నిలబడి, "నాకు పంచదార తక్కువ" అని చెబుతున్నారు.