సలాలా కొండమీద అయ్యూబ్ నబీ మజార్



ఒమన్‌లో సలాలాకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఇత్తీన్ కొండమీద, హజ్రత్ అయ్యూబ్ అలైహిస్సలాందని చెప్పే మజార్ ఉంది. ఖరీఫ్ రోజుల్లో, అంటే జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా, ఆ కొండలు తుంపరలో తడిసి మన అరకులా ఉంటాయి. మొన్న ఖరీఫ్‌లో జియారత్‌కు బయలుదేరితే, నాతో పనిచేసే కవిటి కుర్రాడు, హిందువే, "నానూ వస్తాను భాయ్" అని కారెక్కాడు.

వాడి నాన్నకు డయాలసిస్ జరుగుతోంది. ఉద్దానం సంగతి మన జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చారు. జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఇంకా తేలలేదు.

విజయనగరం బాబామెట్ట ఉర్సు చూసిన కళ్లకు అక్కడేమీ ఆనదు. చిన్న తెల్లటి గది, మీద గుమ్మటం, లోపల ఆకుపచ్చ చాదర్ కప్పిన ఒకే కబర్. రాతిమీద పాదముద్ర ఒకటి ఆయనదేనంటారు. అయ్యూబ్ నబీ మజార్‌ను తుర్కియేలోనూ, లెబనాన్‌లోనూ చూపిస్తారు. ఏది నిజమో అల్లాహ్‌కే ఎరుక. ఆ బహస్ నాకెందుకు?

సలాం చెప్పి, దుఆ చేసుకుని బయటికొచ్చాను.

"మా నాన్న గురించి ఈ బాబుని అడగొచ్చా భాయ్?"

"ఆయన్ని కాదు తమ్ముడూ. ఆయన అడిగిన మాలిక్‌ని అడుగు."

"ఏటి, ఈయనకీ జబ్బేనా?"

కథ చెప్పాను. ఆస్తి, ఔలాద్, ఒంట్లో సత్తువ అన్నీ పోవడం, ఆఖరుకు కాలితో నేలను తన్నమని హుకుం రావడం, చల్లటి నీళ్లు పైకి ఉబకడం. ఆ నీళ్ల మాట సూరా స్వాద్‌లో ఉన్నదే. అంతా విని వాడు, "అయితే ఓర్చుకోనేక అడిగీసినారన్నమాట" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. రెండేళ్లుగా వాడికి నేను చెప్పింది ఒక్కటే: సబర్ చెయ్యి. సూరా అంబియాలో అయ్యూబ్ నబీ తన తక్లీఫ్‌ను రబ్‌తో నోరు తెరిచే చెప్పుకున్నారు. అయినా అల్లాహ్ ఆయన్ని సాబిర్ అనే అన్నాడు. నేను సబర్ పేరుతో వాడికి చెప్పిందల్లా, ఆ మాట నా దగ్గర ఎత్తకు అని. అప్పు అడుగుతాడేమోనన్న భయం కూడా ఉండేది, దాచడమెందుకు.

"మీ నాన్నకి వారానికి ఎన్నిసార్లు?" అని మొదటిసారి అడిగాను.

"మూడు పాలులు. బస్సు చార్జీలకే సరిపోతంది భాయ్."

కొండ దిగేదాకా వాడే మాట్లాడాడు. ఎక్కేముందు మసీదు దగ్గర వజూ కొళాయిలో ఒక సీసా నింపుకున్నాడు. సగం దారిలో దాన్ని ఒళ్లో పెట్టుకుని, "నాన్నకి నీళ్లు కొలిచి ఇస్తారు భాయ్, దాహమేసినా అంతే. ఇది ఒక్క మూతడు తాగితే ఏటవదు కదా?" అన్నాడు.

"డాక్టర్ని అడుగుదాం. నేనే ఫోన్ చేస్తాను" అన్నాను.