గోస్తని మీద మట్టి కాపలా

అరకు దారిలో బొర్రా గుహల దగ్గర బొంగులో చికెన్ కొట్లు దాటి కిందికి దిగితే వాగు ఒడ్డున చెత్త కుప్ప. నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు, ఎంగిలి ప్లేట్లు. ముందురోజు వానకు కుప్ప అడుగు నుంచి నల్లటి ఊట కారి ఎర్రమట్టిలో ఇంకుతోంది. ఆ మట్టి కింద ఉన్నది సున్నపురాయి. నీరు దాన్ని కరిగించి దారులు చేసుకుంటుంది. గుహలు అలా ఏర్పడ్డవే. ఆ దారుల్లో దిగిన మురికిని వడకట్టేదేమీ ఉండదు. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని నది బొర్రా మీదుగా తాటిపూడి జలాశయం చేరుతుంది. విశాఖ తాగే నీళ్లలో దానికీ వాటా ఉంది.

నాతో వచ్చిన పరిశోధక విద్యార్థి ఎర్రమట్టి సంచిలోకి ఎత్తుతుంటే, పక్కనే అరుగు అలుకుతున్న ఒకావిడ అడిగింది: "ఆ మట్టి ఎందుకు బాబూ?"

"చెత్త ఊట భూమిలోకి దిగకుండా అడుగున పరవడానికమ్మా."

"ఒట్టి మట్టైతే నెర్రెలిచ్చేస్తాది. పేడ కలిపితేనే పట్టు."

విశాఖలో ఆ విద్యార్థి ప్రయోగశాలలో జరిగేదీ కలపడమే. అక్కడ కలిపేది బెంటొనైట్, తడి తగిలితే ఉబ్బి రేణువుల మధ్య సందులు మూసేసే బంకమట్టి. జల్లించిన ఎర్రమట్టిలో నూటికి కొన్ని పాళ్లు కలిపి, తడిపి, ఇనుప అచ్చులో పొరలుగా దిమ్మిస్తారు. పైన సన్నటి గాజు గొట్టంలో నీళ్లు పోసి, మట్టం ఎంతసేపటికి ఎంత దిగిందో రాసుకుంటారు. ఒట్టి ఎర్రమట్టి మీద నీరు కళ్లముందే దిగింది. కలిపిన మట్టి మీద కదిలినట్టే లేదు.

2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెత్త పూడ్చేచోట అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి లేదా ఇలా కలిపిన మట్టి, దానిపైన 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండాలన్నాయి. ఆ మట్టి పారగమ్యత, అంటే నీరు దిగే వేగం, సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు మించకూడదన్నాయి. నీటి ఒత్తిడి పెద్దగా లేకుంటే ఏడాదికి సుమారు 3 సెంటీమీటర్ల నీరు మాత్రమే దాటుతుందన్నమాట.

ఈ కలిపిన మట్టికీ హద్దులున్నాయి. కాల్షియం ఎక్కువున్న ఊట తగిలితే బెంటొనైట్ ఉబ్బే గుణం తగ్గుతుంది. ఎండితే నెర్రెలిస్తుంది. అందుకే మంచినీళ్లతో పరీక్షిస్తే చాలదు, చెత్త ఊటతోనూ పరీక్షించాలి.

అవే నిబంధనలు కొండమీద చెత్త పూడ్చవద్దన్నాయి. దిగువ మైదానంలో 25 కిలోమీటర్లలోపు స్థలం చూసుకోమన్నాయి. సున్నపురాయి కొండకు ఇదే సరైన మాట. మట్టిపొర మైదానంలో వేయాలి. కొండమీద చెత్త వేరుచేసి, తడిది ఎరువుగా మార్చి, మిగిలింది కిందికి దించాలి. అరకు వెళ్లేవారికి ఒక్క మనవి: మీరు పట్టుకెళ్లిన సీసా, కవరు మీతోనే కొండ దించండి. గోస్తని నీళ్లు తాగేది మనమే.