గూట్లో దీపం, నోట్లో మిరపకాయ

ఏమండీ, ఖాళీయేనా? అయితే ఇలా గోడ దగ్గరికి రండి. ఖాళీ లేకపోయినా రండి. ఆన్‌లైన్ వ్యాపారం పెట్టినవాళ్ళకి పని ఎప్పుడూ ఉంటుంది, అయ్యేదే ఉండదు. నాకు తెలీదా ఏమిటి, నేనూ పెట్టానుగా!

ఈ మధ్య ఎవర్ని కదిపినా 'నిచ్' అంటున్నారు. మంచి నిచ్ పట్టుకుంటే చాలు, ఇక డబ్బే డబ్బట. మొదటిసారి విన్నప్పుడు నేను నిచ్చెన అనుకున్నాను. ఆ మాటకి అసలు అర్థం గోడలో ఉండే గూడు అని తర్వాత మా అబ్బాయి చెప్పాడు. ఓసి నీ ఇల్లు బంగారం కానూ! మా అమ్మమ్మగారింట్లో దీపం పెట్టే గూడే కదా అది. దానికా ఇంత హడావుడి?

కానీ మాట మటుకు సరిగ్గానే ఉంది. గూట్లో ఒక్క దీపమే పడుతుంది. నేను అందులో పెళ్ళిపందిరి లైట్లన్నీ దూర్చబోయాను. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, మంగళగిరి చీరలు, జర్మన్ సిల్వర్ కుంకుమభరిణెలు. ఇంట్లో ఎవరేం చెబితే అది పెట్టేశాను. కొట్టు పేరు కోసం మూడు వారాలు. లోగోలో జాడీ కుడివైపు వాలాలా, ఎడమవైపు వాలాలా అని ఇంకో రెండు వారాలు. ఇంతా చేస్తే మొదటి నెల నాలుగు ఆర్డర్లు. అందులో రెండు మా అక్కవే. నవ్వకండి.

మా ఆడపడుచు మాత్రం ఒకే ఒక్కటి అమ్ముతుంది. చల్ల మిరపకాయలు. అంతే. "ఆవకాయ ఉందా అండీ?" అని అడిగితే "లేదండీ" అంటుంది. ఎంత హాయిగా అంటుందో! నేనైతే లేదనలేక రాత్రికి రాత్రి కలిపి పంపేదాన్ని.

ఆ మిరపకాయల వైభోగం చూడాలి మీరు. కండగల కాయలు ఏరి, పొట్ట చీల్చి, ఉప్పూ వామూ కలిపిన పుల్లమజ్జిగలో పడేస్తుంది. పగలు డాబా మీద ఎండ, రాత్రి మళ్ళీ మజ్జిగ స్నానం. మూడు నాలుగు రోజులకి మజ్జిగంతా కాయలే తాగేస్తాయి. ఆ తర్వాత గలగలమనేదాకా ఎండాలి. పప్పన్నంలోకి నూనెలో వేగుతుంటే వచ్చే ఆ కమ్మటి ఘాటు... సరే, వ్యాపారం గురించి కదా చెబుతున్నాను.

లెక్క చూడండి. ఆవకాయకి పోటీ ఊరంతా. పైగా నూనె కారితే అట్టపెట్టె, కొరియర్ కుర్రాడి సంచి, మన పరువు, మూడూ పోతాయి. చల్ల మిరపకాయ కారదు, పగలదు, తేమ తగలకపోతే నెలల తరబడి నిలవుంటుంది. ఎండాకాలంలో చేసి, వానలు పడ్డాక అమ్ముకోవచ్చు. ముసురు పట్టిన రోజున ఎవరికి గుర్తురాదు చెప్పండి?

ఒకటే తిరకాసు. తేలికే గానీ చోటు తింటుంది. కొరియర్ వాళ్ళకి తూకం ఒక్కటే కాదండోయ్. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5000తో భాగిస్తారు. అలా వచ్చింది ఎక్కువైతే దానికే డబ్బు. ఇది తెలీక నేనోసారి పావుకిలో పొట్లాన్ని 30, 25, 20 కొలతల పెట్టెలో పెట్టి పంపాను. మూడు కిలోల బిల్లు వేశారు! గాలికి చార్జీలు కట్టిన మహాతల్లిని నేను. మా ఆడపడుచు 20, 15, 10 పెట్టెలు చేయించుకుంది. ఆరు వందల గ్రాములతో సరి. నిచ్ అంటే ఆకాశంలోంచి ఊడిపడే ఐడియా అనుకుంటాం గానీ, సగం అట్టపెట్టెలోనే ఉంది.

మిగతా సగం పేరులో ఉంది. మనం చల్ల మిరపకాయలంటాం. కొందరు ఊర మిరపకాయలంటారు, ఇంకొందరు మజ్జిగ మిరపకాయలంటారు. తమిళులు మోర్ మిళగాయ్ అంటారు. తను అన్ని పేర్లూ రాసి పెట్టింది, ఇంగ్లీషు అక్షరాల్లో జనం రాసే తప్పుల స్పెల్లింగులతో సహా. "ఎవరైనా వాళ్ళమ్మ పిలిచే పేరుతోనే వెతుకుతారు వదినా" అంది. నేను రెండు వారాలు తిప్పిన ఆ లోగో గుర్తొచ్చింది. ఏం మాట్లాడతాను?

ఒక్క సరుకుతో ఏం నెగ్గుకొస్తారంటారా? అమెజాన్ 1995లో తలుపులు తెరిచినప్పుడు అమ్మింది పుస్తకాలే. సబ్బులూ చెప్పులూ తర్వాత వచ్చాయి. కెవిన్ కెల్లీ అనే ఆయన 2008లో ఒక వ్యాసం రాశాడు. నిన్ను ప్రాణంగా చూసుకునే అభిమానులు వెయ్యిమంది ఉంటే కళాకారుడు బతికేయొచ్చని. చల్ల మిరపకాయ కళ కాదంటే మా ఆడపడుచు ఊరుకోదు. వెయ్యిమంది ఏడాదికి వెయ్యేసి రూపాయలకి కొంటే పది లక్షల అమ్మకం. లాభం కాదండీ, అమ్మకం! మిరపకాయల ఖరీదు, పెట్టెలు, కొరియరు, తిరిగొచ్చే పార్శిళ్ళు అన్నీ అందులోంచే. తిరిగొచ్చినవాటిని ఈ వ్యాపారంలో ఆర్టీవో అంటారు. మొదట్లో బండి లైసెన్సు ఆఫీసు వాళ్ళు నన్నెందుకు పిలుస్తున్నారా అని హడలిపోయాను.

ఇక పని సంగతి. ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే కుర్రాడు 1980ల చివర్లో చదువు మీద మనసు నిలవక, వంటింట్లో టమాటా ఆకారంలో ఉన్న టైమరు ముందు పెట్టుకున్నాడు. ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విశ్రాంతి. ఆ పద్ధతికి పొమొడోరో అని పేరు, అంటే వాళ్ళ భాషలో టమాటాయే. నాకు తెగ నచ్చేసింది. ఏ టైమర్ యాప్ బాగుంటుందో చూస్తూ ఒక మధ్యాహ్నం మొత్తం గడిపాను. మీరూ ఇలాంటివి చేసే ఉంటారు, ఒప్పుకోండి.

మా ఆడపడుచుకి టమాటా అక్కర్లేదు. నాలుగున్నరకి కొరియర్ అబ్బాయి వస్తాడు. అతనే ఆవిడ టైమరు. రెండింటికి ప్యాకింగు మొదలు, ఆ రెండున్నర గంటలూ ఫోను బియ్యం డబ్బా మీద బోర్లా. ఫోటోలన్నీ ఆదివారం పొద్దున కిటికీ వెలుగులో ఒకేసారి. పొట్లం మీద ఆహారశాఖ ఇచ్చిన 14 అంకెల నంబరుతో సహా స్టిక్కర్లన్నీ నెలకోసారి. ఇక వాట్సాప్‌లో "ప్రైస్ ప్లీజ్" గోల ఉందే! ధర ఫోటో మీదే గుమ్మడికాయంత ఉంటుంది, అయినా అడుగుతారు. విసుక్కోదు. బిజినెస్ వాట్సాప్‌లో జవాబు ముందే రాసి పెట్టుకుంది. ఒక్క నొక్కు.

సాయంత్రం దీపం పెట్టగానే కొట్టు కట్టేస్తుంది. గూట్లో దీపం, నోట్లో ముద్ద అనేవారు కదా పెద్దలు, అదన్నమాట. నేను రాత్రి పదకొండింటిదాకా జవాబులిచ్చేదాన్ని. డాలస్‌లో ఉన్న మనవాళ్ళకి అప్పుడు పట్టపగలే కదా. "మా నాన్నగారు వచ్చేవారం బయల్దేరుతున్నారు, కూకట్‌పల్లికి పంపగలరా?" అని అడిగేవాళ్ళు. తనకీ అవే మెసేజీలు వస్తాయి. పొద్దున్న కాఫీ తాగాక జవాబిస్తుంది. ఇంతవరకూ ఒక్క ఆర్డరూ పోలేదు.

అందుకని నేనూ సర్దేశాను. చీరలు మా అక్క తీసుకుంది, భరిణెలు పేరంటానికి పనికొస్తాయి. ఇక నుంచి బూడిదగుమ్మడి వడియాలు ఒక్కటే. ఇరవై కాయలు దిగాయి, వీధరుగు మీద వరసగా కూర్చున్నాయి. ఇవాళ ముక్కలు కోసి, ఉప్పు కలిపి, మూటగట్టి బరువు పెట్టాలి. రేపు పొద్దున్నే పిండి రుబ్బాలి. మీరెలాగూ ఖాళీయే అన్నారుగా, వచ్చేయండి. కత్తిపీట మాత్రం మీదే తెచ్చుకోండి.